పుల్లమ్మ పంపిన ప్రశ్న

గుంటూరు,
ఫిబ్రవరి 2.

ప్రియమైన నాయనమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేను క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. చేరిన రోజే కోచింగు సారు మా ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. పరీక్ష అయ్యేదాకా తియ్యరట. సారు పేరు నన్నే సాహెబు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. "ఫోను చేతిలో ఉంటే రోగి కనపడడు" అంటారు.

24న హైదరాబాదులో గల్ఫ్ లైసెన్సు పరీక్ష. మూడుసార్లే రాయనిస్తారు. రెండు పోగొట్టుకున్నాను, ఇదే ఆఖరు. ఇదీ పోతే కువైట్ వాళ్ళు ఇస్తామన్న ఉద్యోగం పోతుంది. అమ్మానాన్న లేని పిల్లనని నువ్వు మిరప కళ్ళాల్లో తాలు కాయలు ఏరి నాలుగేళ్ళు నర్సింగు చదివించావు. అది గుర్తొస్తే ముద్ద దిగడం లేదు.

సారు పద్ధతి వేరు. ప్రతి రోగికీ పేరు, ఊరు, బెడ్డు నెంబరు ఉండాలంటారు. "పేరు లేనివాడి మీద జాలి పుట్టదు, జాలి పుట్టకపోతే బుర్ర పనిచెయ్యదు" అని. రోజూ పొద్దున్నే కంప్యూటరులో వందమంది రోగుల్ని మాకు ఇస్తారు. మనం తప్పు చేస్తే రోగి పోయినట్టే. సాయంత్రం ఆ పేర్లు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఎక్కుతాయి. నిన్న నా చేతిలో నలభై ఒక్క మంది పోయారు.

మందులు వేళకి వేసుకో.

నీ మనవరాలు
క్రిస్టీనా

తా.క. నాలుగో బెడ్డు యలమంద (కనిగిరి) గురించే నా దిగులంతా. పొట్ట ఆపరేషనయ్యి బాగానే ఉన్నాడు. నేనే తొందరపడి మంచినీళ్ళు పట్టించేశాను. సారు దయతలచి రేపు ఇంకోసారి ఇస్తానన్నారు.

*

పర్చూరు దగ్గర మన ఊరు,
ఫిబ్రవరి 7.

చిరంజీవి క్రిస్టీనాకు,

నాయనమ్మ దీవించి రాయునది. నీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను.

నలభై ఒక్క మందా! మన ఊళ్ళో కలరా వచ్చిన ఏడు కూడా అంతమంది పోలేదే తల్లీ! చదువుకోమని పంపితే నేర్చుకునే పిల్లల చేతికి రోజుకి వందమంది ప్రాణాలు అప్పజెబుతారా? ఆ సారు ఎర్ర సిరాతో రాసుకుని ఊరుకుంటున్నాడా? ఆ ఇళ్ళవాళ్ళు వచ్చి తలుపులు బాదడం లేదా?

నిన్ను మాత్రం నేనేమీ అనను. కావాలని చెయ్యవు నువ్వు. చిన్నప్పుడు నీ కాలికింద కోడిపిల్ల పడితే రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఎవరికీ చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ ఆ యలమంద ఎవరి బిడ్డో అని మనసు ఊరుకోలేదు. నీ పేరు రాకుండా ఆదివారం చీటీ రాసి పాస్టరు అనిల్ కుమార్ గారికి ఇచ్చాను. గుడిలో అందరిముందూ చదివారు. ఈ శుక్రవారం స్త్రీల సమాజం మొత్తం ఉపవాసం ఉంటుంది. షుగరున్నవాళ్ళు కూడా ఉంటామన్నారు.

ప్రార్థన చేసిన రోగిని కళ్ళారా చూడకపోవడం మన సమాజంలో లేదు. అందుకని ఆ పై సోమవారం మన పక్కింటి జెస్సీ వాళ్ళు రొట్టె, బత్తాయిలు పట్టుకుని గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్తున్నారు.

నీ నాయనమ్మ
పుల్లమ్మ

తా.క. పోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పలకరించావా? నలభై ఒక్క ఇళ్ళంటే కష్టమే. దగ్గర ఊళ్ళ వాళ్ళనైనా చూసిరా. ఉత్తచేతులతో మాత్రం వెళ్ళకు.

*

గుంటూరు,
ఫిబ్రవరి 12.

ప్రియమైన నాయనమ్మకు,

వందనాలు. ముందు ఒక మాట, కూర్చుని చదువు. యలమంద లేడు. పోవడం కాదు, అసలు పుట్టలేదు. ఆ నలభై ఒక్క మందీ లేరు. అవన్నీ ప్రశ్నలు. "ఫలానా రోగికి ఇలా ఉంది, నర్సుగా ముందు నువ్వేం చేస్తావు?" అని అడిగి కింద నాలుగు జవాబులు ఇస్తారు. ఒకదానికి టిక్కు పెట్టాలి. అంతే!

జెస్సీ అక్కని దయచేసి ఆపు. నా సంగతి ఇప్పటికే అంతంతమాత్రం. నూటికి అరవై అయిదు రావాలి, అరవై రెండు దగ్గర బండి ఆగిపోయింది. నా గదిలో ఉండే భవ్యకి ఎనభై వస్తున్నాయి. గడియారం తిరుగుతుంటే నా చేతులు తడిసిపోయి మౌసు జారిపోతోంది.

నా తప్పేమిటో సారు కనిపెట్టారు. నలుగురు రోగుల్ని చూపించి ముందెవరి దగ్గరికి పోతావంటే, గట్టిగా అరిచేవాడి దగ్గరికి పోతున్నానట. "అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే కదమ్మా! చప్పుడు చెయ్యకుండా పక్కన కూర్చున్నవాళ్ళని చూడు" అన్నారు. అర్థమైంది, కానీ ఆ కంప్యూటరు ముందు కూర్చుంటే మళ్ళీ అరిచేవాడే కనపడతాడు.

నీకు నమ్మకం కుదరకపోతే నువ్వే ఒక ప్రశ్న తయారు చేసి పంపు. ఇదేమిటో తెలుస్తుంది.

నీ
క్రిస్టీనా

తా.క. మీ ఉపవాసం సంగతి సారుకి చెప్పాను. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నా రోగుల కోసం ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ పస్తుండలేదమ్మా" అన్నారు.

*

మన ఊరు,
ఫిబ్రవరి 19.

చిరంజీవి క్రిస్టీనాకు,

దీవెనలు. నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. జెస్సీ వాళ్ళు వెళ్ళొచ్చేశారు. యలమంద ఉన్నాడు! కనిగిరివాడే. నాలుగో బెడ్డు కాదు గానీ పద్నాలుగు. కాలు విరిగింది. వీళ్ళు ప్రార్థన చేసి బత్తాయిలిచ్చారు. ఆ మనిషి ఎవరమ్మా మీరు అనలేదు, బత్తాయిలు వలుచుకున్నాడట. వచ్చే నెల మన గుడికొచ్చి సాక్ష్యం చెబుతానన్నాడు. ఇప్పుడు లేడని నేనెవరికి చెప్పను?

సరే, ప్రశ్న పంపమన్నావుగా. ఇదిగో.

కళ్ళంలో కాయలు ఏరించే అరవై ఏళ్ళ ఆడమనిషి. షుగరుంది. ఎండ లేని పొద్దుటిపూట చెమటలు కారిపోయాయి. త్రేన్పులు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దవడ లాగేస్తోందంటుంది, నోట్లో పన్నొక్కటీ లేదు. గుండెలో నొప్పా అంటే లేదంటుంది. కాసేపటికి సర్దుకుంది. గట్టిగా ఒక్క మాటా మాట్లాడకుండా గోనెసంచుల పక్కన కూర్చుంది. ఏం చెయ్యాలి?

ఒకటి, సోడా తాగించాలి.
రెండు, వాము నమిలించి పడుకోబెట్టాలి.
మూడు, ఎండుమిరపకాయలతో దిష్టి తియ్యాలి.
నాలుగు, ఉన్నపళంగా బండెక్కించి గుంటూరు తీసుకుపోవాలి.

జవాబు వెంటనే రాయి. తెల్లారగానే ఈ ఉత్తరం డబ్బాలో వేస్తాను.

నీ నాయనమ్మ
పుల్లమ్మ

తా.క. నీకు చదవడానికి టైము లేకపోతే కిందది వదిలెయ్, పై ప్రశ్న మాత్రం చూడు. కిందేమీ రాయలేదు.

*

గుంటూరు,
ఫిబ్రవరి 23, సాయంత్రం.

ప్రియమైన నాయనమ్మకు,

నీ ప్రశ్నకి పదికి తొమ్మిది మార్కులు. రోగికి పేరు పెట్టలేదని ఒకటి కొట్టేశాను.

జవాబు నాలుగు. కారణం: ఆడవాళ్ళలో, అందులోనూ షుగరున్న పెద్దవాళ్ళలో, గుండెపోటుకి గుండెనొప్పి రాకపోవచ్చు. చెమట, ఆయాసం, దవడ లాగడం, త్రేన్పులు, ఇవే గుర్తులు. సర్దుకుందని ఊరుకోకూడదు. నడిపించకూడదు. సోడాలు, దిష్టులు పెట్టుకుంటే మనిషి దక్కదు.

ఇక్కడిదాకా రాసి చూడమని సారుకి ఇచ్చాను. ఆయన నీ ఉత్తరం రెండుసార్లు చదివి, "మీ నాయనమ్మ ఊహించి కథలు చెబుతారా?" అని అడిగారు. చెప్పదు సార్, ఉన్నదే చెబుతుంది అన్నాను. అన్నాకే నాకు తట్టింది. నీకు షుగరుంది. నువ్వు కళ్ళంలో పని చేస్తావు. నీకు పళ్ళు లేవు.

సారు బీరువా తీసి ఫోను ఇచ్చారు. పదకొండుసార్లు చేశాను. నీ ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. పాస్టరు గారిది స్విచ్ఛాఫ్.

రైలు గంటలో ఉంది. నేను పర్చూరు బస్సెక్కుతానంటే సారు నా చేతిలోంచి సంచీ లాక్కుని ఆటోలో పెట్టారు. "రోగిని నేను చూస్తాను. నీ పని నువ్వు చెయ్యి" అని అరిచారు. ఆయన అరవడం ఇదే చూడ్డం. తెల్లవారి మొదటి బస్సుకి మన ఊరు వస్తారట.

నీకోసం రాస్తున్న పరీక్ష నాయనమ్మా, నువ్వు లేకపోతే నాకెందుకది? ఉత్తరం నిన్ను చేరేసరికి నువ్వుండాలి.

క్రిస్టీనా

తా.క. నాకు కోపమొస్తోంది. గుండెపోటుని ప్రశ్న చేసి మూడు రోజుల పోస్టులో పంపుతారా ఎవరైనా?

*

గుంటూరు,
ఫిబ్రవరి 26.

చిరంజీవి క్రిస్టీనాకు,

నాయనమ్మ దీవించి రాయునది. మొన్న సాయంత్రం నువ్వు సాహెబు గారికి ఫోను చేసి, "పాస్, డెబ్భై ఒకటి" అన్నావట, ఆ ఊపులోనే "నాయనమ్మ ఉందా?" అన్నావట. ఆయన ఫోను నా చెవి దగ్గర పెట్టారు. నువ్వు ఏడ్చావు, నేను ఏడ్చాను, ఒక్క ముక్కా మాట్లాడుకోలేదు. నర్సులొచ్చి బయటికి పొమ్మన్నారు. కాగితాల పని మీద నువ్వింకా హైదరాబాదులోనే ఉన్నావు, అందుకే రాస్తున్నాను.

నాకేమీ కాలేదు తల్లీ. ఆ ఆడమనిషి కళ్ళం ఆసామి వెంకయ్య గారి భార్య, వెంకటరావమ్మ గారు. నేను ఉత్తరం డబ్బాలో వేసి కళ్ళానికి వెళ్ళేసరికి ఆవిడకి మళ్ళీ వచ్చింది. ఈసారి మొహం బూడిదలా అయింది. ఒకళ్ళు సోడా అంటారు, ఒకళ్ళు వాము అంటారు. గుంటూరు తీసుకెళ్ళండి అని నేను మొత్తుకుంటే వెంకయ్య గారు, "నువ్వు ఊరుకోవే పుల్లమ్మా, కాయలేరుకునే దానికి ఏం తెలుసు? గ్యాసు" అన్నారు.

అప్పుడు నేనొక పని చేశాను. నా సంచిలో నీ పాత ఉత్తరముంది, యలమంద లేడని రాసింది. అది తీసి విప్పి, "నర్సు పిల్ల రాసిందయ్యా, వినండి" అని గట్టిగా చదివాను. అందులో లేనిది చదివాను. "ఇలాంటి మనిషిని నడిపించకండి, గంటలో గుంటూరు చేర్చండి, లేకపోతే దక్కదు" అని ఉన్నట్టు చదివాను. నా మాటకి కదలని మనిషి కాగితానికి కదిలాడు. కబురు విని పరుగున వచ్చిన పాస్టరు గారూ నేనూ చెరోపక్క పట్టుకుని కారులో పడుకోబెట్టాం. హడావుడిలో నా ఫోను ఇంట్లోనే ఉండిపోయింది, ఆయనది చార్జింగు అయిపోయింది, చార్జరేమో ఊళ్ళోనే ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళమని డాక్టరన్నాడు. ఇప్పుడు మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది.

ఆరు రోజులుగా నీ హాస్టలుకి రెండు వీధుల అవతలే ఉన్నాను. పరీక్ష ముందు నిన్ను బెదరగొట్టకూడదని రాలేదు. పాపం సాహెబు గారు ఎండలో మన ఊరెళ్ళి, ఇంటికి తాళం చూసి, జెస్సీని అడిగి, మళ్ళీ ఇక్కడికే వచ్చారు.

నా భయం నీకు తెలియదు. నీ పేరు పెట్టి అబద్ధం చదివాను కదా, రేపు నీ అసలు జవాబులో సోడా అని ఉంటే? నిన్న జెస్సీ నీ ఉత్తరం తెచ్చిస్తే విప్పడానికి చెయ్యి రాలేదు. విప్పాను. నాలుగు అని ఉంది. ఇద్దరం ఒకటే టిక్కు పెట్టాం తల్లీ. కువైట్ వాళ్ళు నీకు లైసెన్సిస్తే ఇవ్వనీ, నాకు మాత్రం ఆ అంకె చాలు.

అబద్ధం సంగతి పాస్టరు గారి దగ్గర ఒప్పుకున్నాను. ఇది ఏ పాపం కిందికొస్తుందో చూసి చెబుతానన్నారు. ఇంకా చూస్తున్నారు.

నీ నాయనమ్మ
పుల్లమ్మ

తా.క. పిల్లా, త్వరగా ఇంటికి రా. సంగతి ఊరంతా పాకింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, దగ్గులవాళ్ళు ఆసుపత్రి వరండాలోకే వచ్చి, "నర్సు పిల్ల మాకేం రాసిందో కాస్త చదువు పుల్లమ్మా" అని కూర్చుంటున్నారు. పొద్దుటి నుంచి ఏడుగురికి చదివాను. ఉత్తరం ఒకటే. సాహెబు గారు పక్కనే కూర్చుని ఏడుగురికీ మార్కులేశారు. ఏడింటికి అయిదు.