ఇంగ్లీషు మీద తాండూరు దావా

తాండూరు,
3 జూలై 1953

ఏసుదాసు మాస్టరు గారికి,

తాండూరు నుంచి వకీలు రాజేశం నమస్కారాలు. ఇంట్లో అందరం బాగున్నాం. వాదించడానికి సర్కారిచ్చిన నా సనదు ఒక్కటే బాగాలేదు.

ఇరవై ఆరేళ్లుగా ఈ కచేరీలో ఉర్దూలో వాదిస్తున్నాను. నేను లేచి "హుజూర్" అంటే చాలు, ఎదుటి వకీలుకు చెమట పట్టేది. నిజాం రాజ్యం పోయింది, వెనకాలే ఉర్దూ కూడా మూట కట్టుకుంది. వచ్చే జూన్ నుంచి వాదనలన్నీ ఇంగ్లీషులోనే జరగాలట, అది రాని వకీలు సనదు వాపసు ఇచ్చి ఇంటికి పోవాలట. అలా అని కచేరీ గోడకు నోటీసు అంటించారు. నోటీసు కూడా ఇంగ్లీషులోనే ఉండడం వల్ల వారం రోజులు దాన్ని సర్కసు కాయితం అనుకున్నాం.

నాకు యాభై రెండేళ్లు. ఈ వయసులో సనదు పోతే ఇంకో పని చేతకాదు. మీరు ఇంగ్లీషు పంతులుగా చేసి రిటైరయ్యారు కాబట్టి ఉత్తరాల మీద నాకు నాలుగు ముక్కలు నేర్పండి. పాఠానికి ఒక సంచి కందిపప్పు వికారాబాదు బండిలో పంపిస్తాను. మొదటి పాఠంగా "వాయిదా ఇప్పించండి" అనడం నేర్పండి. వకీలుకు అది వస్తే సగం చదువు వచ్చినట్టే.

ఇట్లు మీ కొత్త విద్యార్థి,
రాజేశం

తా.క. మీ దగ్గర చదివినవాళ్లు ఇప్పటికీ మీ భయానికి ఇంగ్లీషులో నోరెత్తరని విన్నాను. నన్ను జర మెల్లగా భయపెట్టండి.


వికారాబాదు,
11 జూలై 1953

వకీలు రాజేశం గారికి,

ఆశీస్సులు. వాయిదా సంగతి తరువాత చూద్దాం. వేరు ఎరగకుండా ఆకు తెంపేవాడికి నేను పాఠం చెప్పను. ఇంగ్లీషు పుట్టుపూర్వోత్తరాల మీద ఇరవై ఏళ్లుగా ఒక గ్రంథం రాస్తున్నాను. బడిలో మొదలుపెడితే పిల్లలు నీళ్లు తాగొస్తామని పోయేవారు, ఇంట్లో మొదలుపెడితే మా ఆవిడ పొయ్యి మీద ఏదో మాడుతోందని పోయేది. మీరు తాండూరులో ఉన్నారు. ఎటూ పోలేరు.

మొదటి పాఠం. ఆ ద్వీపంలో బ్రిటన్లనేవాళ్లు కాపురముండేవారు. ఇప్పటికి పదిహేను వందల ఏళ్ల కిందట వాళ్లకు ఉత్తరం నుంచి శత్రువుల బాధ ఎక్కువైంది. కావలికి రమ్మని సముద్రం అవతలి నుంచి ఆంగిల్స్, సాక్సన్స్, జూట్స్ అనే మూడు తెగలను పిలిపించుకున్నారని చెబుతారు. కావలికి వచ్చినవాళ్లకు నేల నచ్చింది. వెనక్కి పోలేదు. సొంతదారులను పడమటి కొండల్లోకి తరిమి, పైగా వాళ్లకే "పరాయివాళ్లు" అని పేరు పెట్టారు. వేల్స్ అనే మాటకు మూలం అదే. ఆ కావలివాళ్ల భాషే ఇంగ్లీషుకు పునాది. దీన్ని పదిసార్లు చదివి ఒంటబట్టించుకోండి.

మీ శ్రేయస్సు కోరే,
ఏసుదాసు

తా.క. పప్పు పొట్టు తీసి పంపండి. చరిత్ర మాత్రం పొట్టుతోనే వస్తుంది.


తాండూరు,
2 ఆగస్టు 1953

మాస్టరు గారికి,

రాజేశం దండాలు. మీ కేసు చదివాను. మొదటే చెప్పకుండా పాఠం అన్నారేమిటి? ఎవరి భూమి ఎవరు కబ్జా చేశారో ఇంత పొడుగ్గా చెప్పేవాడు పార్టీ కాక ఇంకెవరవుతాడు? నా దగ్గర మొహమాటం వద్దు. కావలికి పెట్టుకున్నవాడే కబ్జా చేస్తే పన్నెండేళ్లలోపు దావా వెయ్యాలి. ఆ బ్రిటన్లు ఇన్నాళ్లు కొండల్లో కూర్చుని ఏం చేస్తున్నారు? రమ్మని పిలిచింది నోటి మాటగానా, కాయితం మీదా? పట్టా ఎవరి పేరున ఉంది? పన్నెండేళ్ల మియాదు దాటినట్టు కనిపిస్తోంది. అయినా చూస్తాను.

మీ పాఠం అప్పుడే పనికొచ్చింది. పోయిన వారం బొంరాస్‌పేట హన్మమ్మ చెలక భూమి కేసు పిలిచారు. ఆమె మొగుడు పోయినప్పటి నుంచి మరిది ఆ చెలకను వదలడం లేదు. మా కొత్త మున్సిఫు మద్రాసు వైపు మనిషి, ఉర్దూ ముక్క రాదు. నన్ను చూసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. కచేరీ అంతా నా మొహం చూస్తోంది. నాకొచ్చిన ఇంగ్లీషు మొత్తం బయటికి తీశాను: "ఆంగిల్స్, సాక్సన్స్, జూట్స్."

ఆయన గంభీరంగా తల ఊపి రాసుకున్నాడు. బయటికొచ్చాక దేవప్ప వకీలు విప్పి చెప్పాడు. దేవప్ప ఇంట్లో కన్నడం మాట్లాడతాడు, నాలుగు ముక్కల ఇంగ్లీషు కూడా వచ్చు. నా కేసులు ఎప్పుడు జారిపడతాయా అని పదేళ్లుగా దోసిలి పట్టుకుని కూర్చున్న మనిషి. "ఎదుటి పార్టీల ఇంకెవరెవరు వారసులున్నరని అడిగిండు వకీల్ సాబ్. నువ్వు ముగ్గురి పేర్లు చెప్పినవ్. ముగ్గురికీ సమన్లు పొమ్మన్నడు" అన్నాడు, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

ఏమైతేనేం, వాయిదా దొరికింది. రెండో పాఠం తొందరగా పంపండి.

మీ విధేయుడు,
రాజేశం

తా.క. సమన్లు పట్టుకుని పోయిన బంట్రోతు బీరన్న నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. "బంట్వారం దాక తిరిగిన సారూ. గా ముగ్గురు యాడ లేరు. ఊరిడిసి పోయిన్రంట" అని చెప్పి, అదే రాసిచ్చాడు. పోయారని ఎవరు చెప్పారో తెలియదు.


వికారాబాదు,
9 ఆగస్టు 1953

వకీలు గారికి,

ఏసుదాసు బాధతో రాస్తున్నది. వాళ్లు పోయి పదిహేను వందల ఏళ్లయింది! సమన్లు పంపించారా? నేను పార్టీని కాదు. కొండల్లో నాకు బంధువులెవరూ లేరు. ఇది చరిత్ర. చదివి తల ఊపాలి, అంతే.

రెండో పాఠం. వెయ్యిన్ని అరవై ఆరులో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు వచ్చి ఆ ద్వీపాన్ని గెలిచారు. కోటలో ఫ్రెంచి, కచేరీలో ఫ్రెంచి. ఇంగ్లీషు ఎక్కడుందయ్యా అంటే, గొర్ల దొడ్లో ఉంది. అందుకే గొర్రె మేస్తున్నంతసేపు దానిది ఇంగ్లీషు పేరు, షీప్. దొర పళ్లెంలోకి రాగానే ఫ్రెంచి పేరు, మటన్. మేపేవాడికి ఒక మాట, తినేవాడికి ఒక మాట. ఈ రోజు మనం దొరల భాష అని నెత్తిన పెట్టుకునేది మూడు వందల ఏళ్లు సొంత ఊళ్లో కూలివాళ్ల భాషగా పడి ఉంది. రైతు తన కేసు తనకే అర్థం కాక కచేరీలో నోరు తెరుచుకుని నిలబడేవాడు. చివరికి పదమూడు వందల అరవై రెండులో ఒక చట్టం చేశారు. జనానికి ఫ్రెంచి తెలియదు కాబట్టి ఇక వాదనలు జనం భాషలో, అంటే ఇంగ్లీషులో జరగాలన్నారు. ఆ చట్టాన్ని మాత్రం ఫ్రెంచిలో రాశారు.

దీన్ని కంఠస్థం చేయండి. ఎక్కడా వాడకండి.

ఏసుదాసు

తా.క. పప్పులో రాయి తగిలి నా పన్ను ఒకటి విరిగింది. తాండూరు బండలు విడిగా అమ్ముకోండి, పప్పులో కలపకండి.


తాండూరు,
20 సెప్టెంబరు 1953

నా పాలిటి దేవుడు మాస్టరు గారికి,

రాజేశం సాష్టాంగపడి రాస్తున్నాడు. మాస్టరు గారూ, మీరేం రాశారో మీకు తెలియదు. అది పాఠం కాదు, నజీరు! పాత తీర్పు ఒక్కటి దొరికితే వకీలు కొండనైనా జరుపుతాడు.

గొర్రె సంగతి చదివి నవ్వాను, తరువాత నవ్వు రాలేదు. ఇక్కడ దున్నేటప్పుడు నేల తెలుగులో ఉంటుంది, జప్తు అయ్యేటప్పుడు ఉర్దూలోకి పోతుంది. రైతుకు తన పొలం పోయిందని కచేరీ మెట్లు దిగాక ఎవరో చెబితే తెలుస్తుంది. ఇరవై ఆరేళ్లు ఆ చెప్పేవాణ్ణి నేనే. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు, ఎందుకంటే భాష నాది. ఇప్పుడు నా కిందికి నీళ్లొచ్చాయి కాబట్టి న్యాయం గుర్తొచ్చింది. సిగ్గుగానే ఉంది. అయినా అర్జీ రాశాను.

వచ్చే జూన్ నుంచి ఇంగ్లీషులో వాదించాలట అని హన్మమ్మకు చెప్పాను. ఆమె అన్నది: "ఉర్దూల చెప్పినప్పుడు సమజ్ కాకపాయె. ఇంగ్లీషుల చెప్పినా సమజ్ కాదు. నాకేం ఫరక్ సారూ? నా చెల్క నాకొస్తె సాలు."

అర్జీ హైదరాబాదులోని పై కచేరీకి పోయింది. అందులో రాసింది ఇదీ. ఇంగ్లీషు తన సొంత కచేరీలోకి రావడానికే మూడు వందల ఏళ్లు బయట నిలబడింది. జనం భాషలో వాదించాలన్న మాట దానిదే. అదే మాట మీద నిలబడి మా కచేరీని మా జనం భాషకు వదలాలి. అర్జీ ఉర్దూలో రాశాను. వాళ్ల చట్టం ఫ్రెంచిలో ఉండగా లేని తప్పు నాకెందుకుంటుంది?

మీ శిష్యుడు,
రాజేశం

తా.క. ఒకటో సాక్షిగా మీ పేరు ఇచ్చాను. వెయ్యిన్ని అరవై ఆరు గురించి మీకు తెలిసినంత ఈ జిల్లాల్లో ఇంకెవరికీ తెలియదు. చూసినట్టే చెప్పండి.


వికారాబాదు,
14 అక్టోబరు 1953

రాజేశం,

"గారు" కావాలనే వదిలాను. ముప్పై రెండేళ్లు పిల్లలను బెంచీ ఎక్కించినవాణ్ణి, నన్ను బోను ఎక్కిస్తావా? ఇంటి ముందు బంట్రోతును చూసి మా ఆవిడ నేనేదో కాజేశానని ఏడుపు మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు ఓదార్చడానికి వచ్చి సమన్లు చదివారు. నార్మన్లు ఎవరు, వాళ్ల ఇంట్లో నాకేం పని అని వీధంతా అడుగుతున్నారు.

నాకు జ్వరం. వారం తరువాత, విచారణ రోజున కూడా జ్వరమే ఉంటుంది. పప్పు కూడా వద్దు.

ఏసుదాసు

తా.క. సమన్లు తెచ్చిన బీరన్న నన్ను కిందికీ మీదికీ చూసి, "మూడు నెలలసంది తిరుగుతున్న సారూ. గా ముగ్గుర్ల మీరెవరు?" అన్నాడు.


తాండూరు,
26 ఏప్రిల్ 1954

పూజ్యులు ఏసుదాసు మాస్టరు గారికి,

రాజేశం తల వంచుకుని రాస్తున్నాడు. మీ జ్వరం తగ్గి ఉంటుంది. మీ సాక్ష్యం అక్కర్లేకుండానే హుకుం వచ్చేసింది.

హుకుం ఇంగ్లీషులో ఉంది. చదివిపెట్టమని దేవప్పకే ఇవ్వాల్సి వచ్చింది. ఆయన మొదటి పుట చదివి, "మంజూర్ అయింది వకీల్ సాబ్! జనం బాసనే కచేరీ బాస అన్నరు" అని లేచి నన్ను కౌగిలించుకున్నాడు. పదేళ్ల పగ మరిచిపోయాను. కచేరీ అంతా పాలకోవా పేడాలు పంచాను. బీరన్నకు రెండు ఇచ్చాను. రెండో పుట ఉందని దేవప్ప పేడా తినడం పూర్తయ్యాక చెప్పాడు.

రెండో పుటలో ఇలా ఉంది. తాండూరు గుల్బర్గా జిల్లాలోది. గుల్బర్గా జిల్లా జనం భాష కన్నడం. కనుక జూన్ నుంచి తాండూరులో వాదనలు కన్నడంలో జరగాలి. ప్రతి కాయితానికీ ఇంగ్లీషు తర్జుమా జతచెయ్యాలి. ఈ ఏర్పాటు వకీలు రాజేశం కోరిక మీదనే జరుగుతున్నది.

మాస్టరు గారూ, కచేరీ వెనక్కి పోయి ఏడ్చాను. నిరుడు నాకు రాని భాష ఒక్కటే. కష్టపడి, అర్జీ పెట్టి, గెలిచి, దాన్ని రెండు చేసుకున్నాను. నా కేసులన్నీ ఒక్కొక్కటిగా దేవప్ప గడప ఎక్కుతున్నాయి. ఆయన రోజూ నా యోగక్షేమాలు అడుగుతున్నాడు, అది ఇంకా మంట.

హన్మమ్మకు విషయం చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పాను. ఆమె, "గిది మూడోది. నేను సచ్చేలోపట ఇంకెన్ని బాసలల్ల ఓడిపోవాలె సారూ?" అన్నది. ఇరవై ఆరేళ్లలో నన్ను ఏ వకీలూ అలా ఓడించలేదు.

అందుకని ఊరుకోదలుచుకోలేదు. భాషలను బట్టి రాష్ట్రాల హద్దులు మార్చడానికి ఢిల్లీ నుంచి ఒక సంఘం దేశమంతా తిరుగుతోంది. నిన్న వాళ్లకు ఇంకో అర్జీ పెట్టాను. మా భాషను తాండూరు కచేరీకి రానివ్వకపోతే పోనీ, తాండూరునే జరిపి తెలుగు జిల్లాలో పెట్టమన్నాను. హన్మమ్మ కోసం బొంరాస్‌పేట వైపును కూడా కలిపాను. అర్జీ కింద మొదటి వేలిముద్ర ఆమెదే.

మీ విధేయుడు,
రాజేశం

తా.క. ఊరు మొత్తం జరపమన్నాను గానీ, దేవప్ప ఇల్లు ఒక్కటి మాత్రం గుల్బర్గా జిల్లాలోనే ఉంచమని విడిగా రాశాను.