కెవిన్ ఇచ్చిన గాజుతొట్టె

ద పాండ్స్, సిడ్నీ
12-8-2025, మంగళవారం

పింకీ బతికింది తల్లీ! బతికింది!

చి.ల.సౌ. కాత్యాయనికి నాన్న వెయ్యి దీవెనలు. ముందు క్షేమసమాచారాలు రాసి, తర్వాత సంగతులు రాయాలని తెలుసు గానీ చెయ్యి ఆగలేదు. మీ అక్క ఉదయలక్ష్మి, అల్లుడు రామ్మోహన్, మనవరాలు తన్మయి, నేను కులాసా. ఈ ఇంట్లో ఫోన్ ఎత్తితే స్పీకర్లో పెడతారు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి, నీ ఒక్కదానికే పంపుతున్నాను.

పింకీ అంటే నీకు తెలుసుగా, రెండేళ్ళ కిందట మీ అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు తన్మయికి కొనిపెట్టిన బంగారు చేప. అమ్మ పోయాక తన్మయి దాన్ని "అమ్మమ్మ ఫిష్" అనే అంటోంది. దానికి గాజు గిన్నె ఇరుకైపోయింది. పక్కింటి పెద్దాయన కెవిన్ గరాజ్ సర్దుకుంటూ తన పాత అక్వేరియం తీసుకోమన్నాడు. వాడేసిన తొట్టె, చేపకి పడుతుందో పడదో అని అల్లుడూ నేనూ వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. నీళ్ళు నింపి, కింద పేపర్లు పరిచి రెండ్రోజులు ఉంచాం, చుక్క కారలేదు. మూలల్లో జిగురు గోటితో నొక్కి చూశాం. తెల్లటి చారలు వెనిగర్‌తో తుడిచాం. మందులేవీ అందులో వాడలేదని కెవిన్ చెప్పాడు. చేపల కొట్టు అమ్మాయి మాత్రం సబ్బు గానీ, గిన్నెలు తోమే లిక్విడ్ గానీ తగలనివ్వద్దని మరీ మరీ చెప్పింది. ఇంక భయం లేదనుకున్నాం.

శనివారం పొద్దున్న పింకీని అందులోకి దింపాం. భోజనాల వేళకి పైకి తేలి, నోరు తెరిచి ఎగపోస్తూ ఒక పక్కకి ఒరిగిపోయింది. తన్మయి నా చొక్కా పట్టుకుని, తాతా డూ సమ్‌థింగ్, డూ సమ్‌థింగ్ అని లాగిందమ్మా. మీ అమ్మ ఆఖరి రోజుల్లో ఊపిరికి పడిన కష్టమే కళ్ళముందు కనిపించింది.

మీ అక్క అల్లుణ్ణి ఏకేసింది. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తెచ్చుకుంటావు నువ్వు, ఆ ముసలాయన అందులో ఏం కలిపి ఏడ్చాడో అంది. పాపం అల్లుడు, ఎవ్రీథింగ్ చెక్ చేశాను ఉదయా అంటూనే ఉన్నాడు. ఆఖరికి తొట్టెని మోసుకెళ్ళి, కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) లారీ పట్టుకెళ్ళే పాత సామాన్లతో పాటు రోడ్డు పక్క గడ్డిలో పెట్టేశాడు. కెవిన్ తన గుమ్మంలోంచి చూశాడు. తలుపేసుకున్నాడు.

పింకీని బకెట్లోకి మార్చాం. కొట్టు అమ్మాయి ఫోన్లో చెప్పినట్టు, క్లోరిన్ విరిచే చుక్కలు వేసిన నీళ్ళు పూటపూటకీ సగం మార్చాం. బుడగలొచ్చే గొట్టం పెట్టాం. మూడు రోజులు నేను ఆ బకెట్ వదిలితే ఒట్టు. వెంకన్నకి తలనీలాలు మొక్కుకున్నాను. నా నెత్తిన ఎన్ని ఉన్నాయని నవ్వకు.

ఇవాళ పొద్దున్న, నా తల్లే, నిటారుగా నిలబడింది! తోక ఆడించింది! మేత వేస్తే గబుక్కున మింగేసింది! తన్మయి నా మెడ పట్టుకుని ఊగిపోయింది. తాతే సేవ్ చేశాడని స్కూల్లో అందరికీ చెబుతుందట.

ఇట్లు
నీ నాన్న
రాజారావు

తా.క.: కాపాడింది నేను కాదమ్మా. ప్రాణం మీదికి తెచ్చింది నేనే. తొట్టె మంచిదే. శుక్రవారం అందరూ బయటికి వెళ్ళాక, ఇంకోసారి శుభ్రం చేద్దామని దాన్ని కుంకుడు రసంతో రుద్దాను. మీ అమ్మ తలంటుకి ఇక్కడి షాపులో కొన్న పొడి ఇంకా బాత్రూమ్ అరలోనే ఉంది. సబ్బు కాదు, కాయే కదా అనుకున్నాను. ఆవిడ చెయ్యి కూడా తగిలినట్టుంటుంది అనుకున్నాను. బకెట్ దగ్గర కూర్చున్నాక గుర్తొచ్చింది, చిన్నప్పుడు కాలవలో కుంకుళ్ళతో తలంటుకుంటే చిరుచేపలు వెల్లకిలా తేలేవి. నిన్న ఆ గడ్డిలో ఉన్న తొట్టెలో చెంబెడు నీళ్ళు పోసి ఆడించాను. నురగ వచ్చింది.

గుర్తొచ్చాక కూడా, అల్లుడు తిట్లు తింటుంటే నేను నోరు మెదపలేదు. తెలిస్తే తన్మయి నా ఒళ్ళోకి మళ్ళీ రాదేమోనని భయం. ఇవాళ సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి చెప్పేస్తాను. గురువారం లారీ వచ్చేలోగా తొట్టె ఇంట్లోకి రావాలి, నేను కెవిన్ గుమ్మం ఎక్కాలి.

పింకీ బతికిన కబురు మీ అలివేలు అత్తకి చెప్పు, రోజూ అడుగుతోంది. మల్లికార్జున బాబాయికి చెప్పు. సత్యభామ పిన్నికి చెప్పు. మీ అమ్మ ఫోటో దగ్గర కూడా ఒక మాట చెప్పు. కుంకుడు సంగతి మాత్రం వద్దు, అది ఆవిడకి నేనే చెప్పుకుంటాను.