పెట్టె లేని స్పీకరు

పూజ్యులైన మామయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాసేది. ముందుగా నా తప్పులకీ, చేతిరాతకీ క్షమించాలి. నేను చదివింది నాలుగు తరగతులే. ఒత్తు ఉందో లేదో అనుమానం వచ్చిన చోట కాస్త చిన్నగా పెట్టాను. ఉండాలనుకుంటే ఉన్నట్టు, వద్దనుకుంటే లేనట్టు చదువుకోండి.

మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీ ఎదుట నోరు విప్పలేదు. కాగితం మీద మీ మొహం కనబడదు కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

మీ అబ్బాయి స్పీకర్లు తయారుచేశారు. రిపేరు షాపు నుంచి రాగానే ముందుగదిలో కూర్చుని రెండూ తన చేత్తోనే చేశారు. తలుపంత చెక్క ఫ్రేము, దానికి వరసగా అయస్కాంతం పట్టీలు, వాటి ముందు ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్, దాని మీద అటూ ఇటూ తిప్పి అంటించిన అల్యూమినియం రేకు. రేకులోకి పాట కరెంటు వెళితే పొర మొత్తం వణికి పాడుతుంది. పెట్టె మాత్రం లేదు. రెంటినీ ఇటుకల మీద నిలబెట్టారు.

ఆ రోజు మీ ఇంట్లో భోజనాల దగ్గర ఆయన "మంచి స్పీకరుకి పెట్టె అక్కర్లేదు" అనగానే మీరు సగంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. జీవితమంతా స్పీకరు పెట్టెలు చేసిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో నాకు తెలుసు. అప్పటి నుంచీ మీ ఇద్దరికీ మాటల్లేవు. ఒక్కసారి వచ్చి వినండి మామయ్యగారూ. వింటే మీకే గర్వంగా ఉంటుంది.

కొలత లేని మాట మీరు నమ్మరని అత్తయ్యగారు చెప్పేవారు. అందుకని ఫ్రేము ఎత్తు, ఇటుకల ఎత్తు టేపు పెట్టి కొలిచి వెనకవైపు రాశాను.

రాసినట్టు ఆయనకి తెలియదు. చదివి కాల్చేయండి.

మీ కోడలు

తా.క.: జుట్టు ఆరబెట్టుకునే మిషను కొనిస్తే నా మీద ప్రేమనుకున్నాను. వేడిగాలి కొడితే పొర బిగుస్తుందట. అది ఇంతవరకూ నా జుట్టు మొహం చూడలేదు.

*

అమ్మాయికి మామయ్య దీవించి రాసేది,

నీ చేతిరాతకేం, బాగానే ఉంది. వంకర చెక్కల్ని సాపు చేసేవాణ్ణి, వంకర అక్షరాలకి భయపడతానా.

సంగతి నాకు అర్థమైంది. పెట్టెలకి చెక్క దొరక్క, నన్ను అడగడానికి బింకం అడ్డొచ్చి, ఇటుకల మీద నిలబెట్టాడు. ఇటుకలమ్మా! నా కొడుకు! స్పీకరుకి పెట్టె లేకపోవడమంటే పెళ్లికి బనీనుతో వెళ్లడమే. వాడు అడగడు, నేను అడిగించుకోను. పెట్టెలు నేనే చేసి పంపుతాను. ఫ్రేము మొత్తం లోపల పట్టేలా, గట్టిగా, గాలి చొరబడకుండా. వాడికి చెప్పకు.

ఉత్తరం ముందూ వెనకా మీ అత్తయ్యకి చదివి వినిపించి, నువ్వు చెప్పినట్టే జిగురు కాచే పొయ్యిలో వేశాను. వేశాక గుర్తొచ్చింది, కొలతలు వెనకవైపు ఉన్నాయని. ఫరవాలేదు. మీ అత్తయ్యకి గుర్తుంది.

మీ మామయ్య

తా.క.: ఇది వాడి కోసం కాదు. చెక్క ఊరికే పడి ఉంది, అంతే.

*

పూజ్యులైన మామయ్యగారికి,

మీ కోడలు కంగారుగా రాసేది. కంగారులో తప్పులు ఇంకా ఎక్కువ పడతాయి, మన్నించండి.

దయచేసి పెట్టెలు చెయ్యకండి! ఈ పొర ముందుకీ పాడుతుంది, వెనక్కీ పాడుతుంది. పెట్టెలో పెడితే పాడేవాళ్ల మొహం మీద దిండు నొక్కినట్టేనట. వెనక గాలి ఆడాలని బీరువాని కూడా వంటింట్లోకి నెట్టారు. ఇప్పుడు చీర కావాలంటే పప్పు డబ్బాలు దాటాలి.

ఇంకో సంగతి రాస్తే గొప్పలనుకుంటారేమో. ఆ రేకు పట్టీలన్నీ కోసింది నేనే. ఆయన కోస్తే అంచు పళ్లపళ్లుగా వచ్చేది. నేను కోసింది వెలుతురులో పట్టుకుని చూసి "ఇంత సాపుగా మా నాన్న తప్ప ఎవరూ కొయ్యలేరు" అన్నారు. మామయ్యగారూ, నన్ను ఇంతవరకూ ఎవరూ ఎవరితోనూ పోల్చలేదు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. గొంతు, వీణ, వేణువు మనిషి పక్కన కూర్చున్నట్టు వినబడతాయి. డ్రమ్ము మోత మాత్రం పల్చగా, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వస్తోంది. అది మోగినప్పుడల్లా ఆయన ఇటుకల వైపు చూస్తారు. "తీసేద్దామా?" అంటే "ఉండనీ" అంటారు.

పెట్టెలు పంపితే ఆయన ఏదో ఒకటి అంటారు, అది మీ దాకా వస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. నా భయమల్లా అదే. చదివి కాల్చేయండి.

మీ కోడలు

తా.క.: నా కత్తెర ఎగిరి అయస్కాంతానికి అతుక్కుంది. ఇద్దరం కలిసి లాగాం. అది వచ్చింది, మేం పడ్డాం.

*

అమ్మాయికి మామయ్య దీవించి రాసేది,

నీ ఉత్తరం పెట్టెలు వ్యాను ఎక్కాక వచ్చింది. చేసేదేం లేదు. పైగా నువ్వే రాశావు, డ్రమ్ము మోత పల్చగా ఉందని. పెట్టె లేకపోతే మరెలా ఉంటుంది!

అయినా ఒక మాట అడుగుతాను. తలుపంత అని రాసినట్టు నాకు గుర్తు. మీ అత్తయ్య మాత్రం "కాదు, మోకాలెత్తు" అని కూర్చుంది. కొలత అంగుళాలతో సహా చెప్పింది. కాల్చిన ఉత్తరాన్ని సాక్ష్యానికి పిలవలేను కదా, ఆవిడ మాటే నమ్మాను. ఇంతోటి మోకాలెత్తు స్పీకరుకా వాడు అంత మాట అన్నాడు?

ముందువైపు మొత్తం తెరిచి వదిలేద్దామనుకున్నాను. చెయ్యి ఒప్పుకోలేదు. అలవాటుగా మామూలు స్పీకరు పట్టే గుండ్రటి నోరు కోసేశాను. మందమైన చెక్క, గోరు దూరని జాయింట్లు. ఇంత బాగా నేను షాపువాళ్లకి కూడా చెయ్యలేదు.

వాడికి అక్కర్లేకపోతే ఉల్లిపాయలు పోసుకోండి. కానీ పెట్టెల్ని ఒక్క మాటన్నా, నేను ఆ గడప తొక్కను.

మీ మామయ్య

తా.క.: వ్యాను వెళ్లిన దగ్గర్నుంచి మీ అత్తయ్య తనలో తనే నవ్వుకుంటోంది. ఎందుకంటే చెప్పదు.

*

పూజ్యులైన మామయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాసేది. రాత మామూలే. ఈసారి క్షమించమనడానికి కూడా తీరిక లేదు.

పెట్టెలు దిగాయి. నేను తలుపు చాటున నిలబడి కొంగు నలుపుతున్నాను. ఆయన వాటి చుట్టూ తిరిగారు. బొటనవేలితో అంచు నిమిరారు. వంగి వాసన చూశారు. వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించారు.

"ఇది నాన్న జాయింటు" అన్నారు.

ఆ తర్వాత ఫ్రేమును నన్ను పట్టుకోమని, ఇటుకలు తీసేసి, ఆ చోట మీ పెట్టె జరిపారు. మామయ్యగారూ, కాగితం కూడా దూరనంత సరిగ్గా కూర్చుంది! అప్పుడు మంచం కిందనుంచి పాత తువ్వాలు మూట తీశారు. అందులో రెండు గుండ్రటి పెద్ద స్పీకర్లు. మీరు కోసే నోటి కొలత ఆయనకి చిన్నప్పటి నుంచీ కంఠతా అట. ఆ కొలతకే ఎప్పుడో కొని దాచారు.

"మరి పెట్టె అక్కర్లేదన్నారుగా?" అని అడిగాను.

"పైన పొరకి అక్కర్లేదు. కింద మోతకి పెట్టె ఉండి తీరాలి, అది నువ్వే చెయ్యాలి నాన్నా అని చెప్పబోయాను. సగం మాటకే ఆయన లేచిపోయాడు. మిగతా సగానికి ఇటుకలు పేర్చి చోటు ఉంచాను."

వాటిని పెట్టెల నోళ్లలో బిగించి పాట పెట్టారు. డ్రమ్ము మోత నేలలోంచి లేచి నా అరికాళ్లకి తగిలింది. పక్కింటావిడ ఏమిటా అని తొంగి చూసింది. ఎప్పుడూ తల దించుకునే నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. "ఇవి మా మామయ్యగారి పెట్టెలు, అది మా ఆయన బిగించిన పొర, ఆ రేకులు నేను కోసినవి" అని పాటకన్నా గట్టిగా చెప్పాను. ఆయన నా వంక చూసి, పాట ఆపి, "మళ్లీ చెప్పు" అన్నారు. మళ్లీ చెప్పాను.

ఉత్తరాల సంగతి ఆయనకి చెప్పేశాను. ఈ ఉత్తరం మాత్రం కాల్చకండి. అడుగున ఉన్నది ఆయన చేతిరాత. నాకన్నా అధ్వాన్నంగా ఉంది, చూడండి.

మీ కోడలు

తా.క.: ఫ్రేము ఎత్తుకి బదులు ఇటుకల ఎత్తు చెప్పారే, అత్తయ్యగారు నిజంగానే పొరబడ్డారా? మీరు అడగకండి, నేనే వచ్చి అడుగుతాను.

*నాన్నా, ఎడమ పెట్టె వెనక పలక కాస్త అదురుతోంది. బిగించడం నాకూ వచ్చు. నేను బిగించను. నువ్వే రా.*