దవడలో తలుపు చప్పుడు

అమ్మా, మానసిక ఆసుపత్రిలో పళ్ళు పీకుతున్న నీ సుపుత్రుడు క్షేమం. నాకింకా పిచ్చి పట్టలేదు.

ఇక్కడొక తాతగారు దవడలో ఎవరో తలుపు కొడుతున్నారని మొత్తుకుంటుంటే, భ్రమ అని డాక్టర్లు మాత్రలు పెంచుతూ పోయారు. నేను నోరు తెరిపించి చూస్తే దవడ పన్ను కింద చీము. పీకేశాను. ఆయన చెంప పట్టుకుని కాసేపు ఆలకించి, "కొట్టడం ఆగింది బాబూ. లోపలికొచ్చేసినట్టున్నాడు" అన్నారు. గదిలో ఉన్నది మేమిద్దరమే. అయినా వెనక్కి తిరిగి చూశాను, నవ్వకు.

అన్నట్టు, చెవి దగ్గర ఎవరో పిలుస్తున్నారని అమ్మమ్మ అంటే, మతి తప్పిందని మనమంతా నవ్వాం కదా. రేపే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. కట్టుడు పళ్ళు తీయించి చిగుళ్ళు చూడమను. అమ్మమ్మకు నా దండాలు. చిగుళ్ళు బాగానే ఉన్నాయంటే, ఆ పిలిచేవారికి కూడా.