అరగని ముఖం

ఇబాదాన్,
3 మార్చి 1961

ప్రియమైన అమ్మకు,

తైవో రాస్తున్నాను. కడుపులో బిడ్డకు ఐదో నెల. మొదటి రెండూ మూడో నెల దాటలేదు కాబట్టి ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం.

ఒక తప్పు చేశాను, తిట్టకు. పోయినసారి వచ్చినప్పుడు నీ పెట్టె అడుగు నుంచి, పురిట్లోనే పోయిన నా జంట కెహిందెకు నువ్వు చెక్కించిన చెక్కబొమ్మను చెప్పకుండా తెచ్చుకున్నాను. నా వెనక పుట్టినా మన ఆచారంలో తనే అక్క కదా, దగ్గరుంటే నా బిడ్డను కాస్తుందనుకున్నాను. అత్తగారు బొమ్మను చూసి నోటి మీద చెయ్యి వేసుకున్నారు. ఆమె కూడా కవలల తల్లే. పోయిన పిల్లాడి బొమ్మకు ముప్పై ఏళ్లుగా రోజూ నీళ్లు పోసి, ఎర్రచెక్క పొడి రుద్ది, తినిపించి, దాని ముక్కూ మూతీ అరిగి నున్నగా అయిపోయాయి. మన కెహిందె ముఖం నిన్న చెక్కినట్టుంది.

"ఏమే, ఈ పిల్లకి ఒక్కనాడైనా ఎవరైనా నీళ్లు పోశారా? దీన్ని ఆకలితో మాడ్చి, నీ కడుపు నిలవలేదని ఏడుస్తావా!" అన్నారు.

రోజూ నేను లేవకముందే బొమ్మకు స్నానం చేయిస్తానని చెప్పేదానివి. అబద్ధమా అమ్మా?

నీ తైవో

ఇసెయిన్,
14 మార్చి

బంగారు తల్లీ,

ఆ బొమ్మను ముట్టుకోకు. నీళ్లు పోయకు, తిండి అసలే పెట్టకు. గుడ్డలో చుట్టి, తెలిసిన లారీ డ్రైవరు ఎవరుంటే వాళ్లతో పంపెయ్. మీ అత్తగారికి అన్నీ తెలిసినట్టు మాట్లాడటం అలవాటు. ఒళ్లు జాగ్రత్త.

అమ్మ

ఇబాదాన్,
22 మార్చి

అమ్మా,

ఆలస్యమైంది. అత్తగారు చెప్పిన రోజు నుంచే మొదలుపెట్టాను. రోజూ స్నానం, కొత్త పూసలు, బొబ్బర్లు ఉడికించి పామాయిలు పోసి పెదవులకు అద్దుతున్నాను. పోయినవాళ్ల లోకంలో కడుపు నిండా తిను అక్కా, నా బిడ్డ జోలికి రాకు అని దండం పెట్టుకుంటున్నాను. ఎందుకు మానాలో చెబితే మానేస్తాను. చెప్పకపోతే మానను.

తైవో

ఇసెయిన్,
30 మార్చి

తల్లీ,

ఇది ఎవరితోనూ రాయించలేదు. వంకర అక్షరాలైనా నా చేత్తోనే రాశాను. చదివి చింపెయ్.

కెహిందె చనిపోలేదు.

ఇకారెలో మా అక్క అబెబి ఇంట్లో పురుడు పోసుకున్నాను. మీ నాన్న అప్పుడు లాగోస్‌లో రైల్వే పనిలో ఉన్నాడు. అదే వారం అక్క నాలుగో బిడ్డ కూడా పుట్టి పోయింది. ఈసారి బతికిన బిడ్డ లేకపోతే పుట్టింటికి పొమ్మన్నాడు బావ. అతను ఊరి నుంచి వచ్చేలోపు నా ఇద్దరిలో ఒకరిని అక్క పక్కన పడుకోబెట్టాను. ఒకటి పోయిందని మీ నాన్నకు, ఊరికి చెప్పాను. కవలల్లో ఒకరు పోతే బొమ్మ చెక్కించాలి కదా, చెక్కించాను. కానీ బతికున్న బిడ్డకు చచ్చినవాళ్ల తిండి ఎలా పెట్టను? నా చేత్తో నేనే దాన్ని చంపుకున్నట్టు కాదా? అందుకే ఆ ముఖం అరగలేదు.

ఇప్పుడు నువ్వు పెడుతున్నావు! నీకు దండం పెడతాను, ఆపు.

అమ్మ

ఇకారె,
9 ఏప్రిల్

అమ్మకు,

నీ ఉత్తరం అందింది, చదివాను. బతికున్న అక్కను నెల రోజులు చచ్చినవాళ్లలో కూర్చోబెట్టి తినిపించాను. ఏ శవాన్ని చూస్తానో అనుకుంటూ లారీ ఎక్కాను. ఈ కడుపుతో ఒంటరిగా పంపనని అత్తగారు కూడా వచ్చారు.

తలుపు తీసింది నా ముఖమే. నేను నోరు తెరిచేలోపే ఆమె గడప మీద మోకరిల్లి, "ఎందుకొచ్చావు తైవో? నిన్న పెట్టిన బొబ్బర్లు చాలలేదా తల్లీ?" అంది.



లోపల గూట్లో చెక్కబొమ్మగా ఉన్నది నేనే. కళ్లూ ముక్కూ పోయి, గులకరాయిలా నున్నగా. పెద్దమ్మ ఏడుస్తూ చెప్పింది. కెహిందెకు మూడో ఏట జ్వరం తగ్గకపోతే జోస్యుడి దగ్గరికి తీసుకెళ్లారట. ఇది జంటలో వెనక పుట్టిన పిల్ల, కెహిందె; ముందు పుట్టిన తైవో ఏదని అతను అడిగాడట. నిజం చెప్పలేక, పురిట్లోనే పోయిందని చెప్పి నా బొమ్మ చెక్కించింది. అప్పటి నుంచి నాకు నీళ్లు పోసింది పెద్దమ్మ, ఊహ తెలిశాక కెహిందె. తన కొత్త బట్టల్లో ముక్క చింపి నాకు కట్టేదట. ఇంత ప్రేమగా ఎవరూ నన్ను చూసుకోలేదమ్మా. చచ్చినవాళ్ల తిండి తింటున్న నా కడుపులో ఇద్దరు బిడ్డలూ ఎందుకు నిలవలేదో ఆ ముఖం చూస్తే అర్థమైంది. ఎవరిని తిట్టాలో తెలియక గట్టిగా ఏడ్చాను.

కెహిందె నన్ను తడిమి తడిమి చూసింది. చేతులు, ముక్కు, కడుపు. లోపల బిడ్డ కదిలితే కెవ్వుమంది. అత్తగారు వెళ్లి గూట్లోని బొమ్మ ముందున్న గిన్నె తీసేశారు.

వచ్చే సంత రోజు ఇద్దరం వస్తున్నాం. చాటుగా రాము. సంత నిండా జనం ఉండగా, నీ బట్టల కొట్టు ముందు నుంచి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచి వస్తాం. నాన్నకు ముందే నువ్వు చెబుతావో, మమ్మల్ని చూసి తెలుసుకోమంటావో నీ ఇష్టం. నిన్ను ఏమని పిలవాలని అక్క అడుగుతోంది. నాకు తోచలేదు, నువ్వే చెప్పు.

నీ కూతుళ్లు,
కెహిందె
తైవో