నిజాంపట్నంల వేలాడిన పడవ

సులోచనా, నేను మంచిగనే ఉన్న. సముద్రంల పడ్డది ఫోనే, నేను గాదు. అందుకే ఈ కార్డు.

మీ తమ్ముడు ఫణీంద్ర ఎట్లన్న తెలుసుకొని చిక్కడపల్లంత చాటకముందే నేనే చెప్త. నిజాంపట్నం రేవుల మన పడవను బర్రెను కట్టినట్టు పొట్టి తాడుతోని బిగించి కట్టి బజారుకు పోయిన. వచ్చేసరికి ఆటుకు నీళ్లు దిగిపోయి, పడవ గోడకు వేలాడుతున్నది. పక్క పడవ కోటేశు ఒకటే నవ్వుడు.

"ఏ ఊరు బాబాయ్ మీది?"

"అశోక్ నగర్."

"అక్కడ నీళ్లు దిగవా?"

"వానొస్తె గల్లీలకు ఎక్కుతయి. దిగుడు మా చేతుల లేదు" అన్న.

పోటు రాంగనే పడవ దానంతట అదే లేచింది. ఏం విరగలే.

పడవ అమ్మి ఇంటికి రమ్మని మళ్ల అనకు, అమ్మేది లేదు. ముప్పై ఏండ్లు సిటీ బస్సు నడిపిన, నాకు నచ్చిన కాడ ఒక్కసారన్న ఆపలే. ఇప్పుడు మద్రాసు దాక ఆపుకుంట ఆపుకుంట పోత.

గ్యాస్ వచ్చిందా? సంజనకు జరం తగ్గిందా? బిడ్డకు నా దీవెనలు. పదో తారీకుకు చీరాలల ఉంట. నువ్వు పెట్టిన చింతకాయ తొక్కు పట్టుకొని రైలెక్కు, ఇద్దరం పోదాం. నువ్వు రాకున్నా నేను పోత. గని రెండు రోజులు చూసినంకనే పోత.

కిషన్ రావు