చిట్టిబాబు సగం వేసిన ముగ్గు

శుక్రవారం, 1998. నిమ్‌పురా.

మనిషి పోయిన ఇల్లని ఏడాదిపాటు మా గుమ్మంలో ముగ్గు పెట్టకూడదు. నా కొడుకు చిట్టిబాబు పోకముందు నాకోసం కంప్యూటర్‌లో చుక్కలు పెట్టి, సగం గీసి వదిలేసిన ముగ్గు ఒకటి ఉంది. అదైనా పూర్తి చేద్దామనుకున్నాను. తెరమీద మౌస్ బాణం ఒకచోట పెడితే గీత అంగుళం పక్కన పడుతోంది.

వాడి స్నేహితుడు శీనుని పిలిచాను. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగారు.

"ముగ్గు మాత్రం ముట్టుకోకు నాయనా."

"నాకు తెల్దేటి పిన్నీ? మౌస్ సంగతే కదా, ఠీక్ చేసేస్తాను."

టీ పెట్టి తెచ్చేసరికి గీత సరిగ్గా బాణం కిందే పడుతోంది. ముగ్గు మాత్రం లేదు. పేజీ నిండా శీను గీసి చూసుకున్న పిచ్చిగీతలు.

"ముగ్గేదిరా?"

"ముందునుంచీ ఇందులో ఏటీ లేదు పిన్నీ. నువ్వే ఇంకెక్కడో సూసుంటావు."

పొద్దున్నే చూశాను. తెరమీద చుక్కచుక్కనీ వేలితో తడిమాను. శీను నా మొహంలోకి చూడకుండా టీ తాగి వెళ్లిపోయాడు.

చెరిగిపోయింది పిన్నీ అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నా కొడుకు వేసిందే లేదన్నాడు. వాడితో ఒకే కంచంలో తిన్నవాడే అన్నాడు...